మునెమ్మ ముడుపు, ఫిలోమిన వాగ్దానం

పోయిన నెల ఒక బుధవారం పొద్దున్నే గూడూరు స్టేషన్లో తిరుపతి వెళ్ళే ప్యాసింజర్ ఎక్కాను. ముందు రోజు ఫిలోమిన ఫోన్ చేసి, "అక్కా, వచ్చే నెల వాగ్దానానికి నా పేరు తీసెయ్యి" అని పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, అప్పుడూ ఎత్తలేదు. ఇక ఫోన్లో తేలే పని కాదనిపించి చీర సంచిలో పెట్టుకున్నాను.

మాది ఫ్రాన్సిస్కన్ గృహస్థుల సంఘం. మఠంలో ఉండే సిస్టర్లం కాదు. సంసారం, పిల్లలు, ఉద్యోగం అన్నీ ఉన్నవాళ్ళమే. ఉన్న ఇంట్లోనే ఉండి, అస్సీసి ఫ్రాన్సిస్ నడిచిన దారిలో ఆడంబరం లేకుండా, పగ పెట్టుకోకుండా, జబ్బుపడ్డవాళ్ళకి దగ్గరగా బతుకుతామని జీవితాంతానికి ఒక మాట ఇచ్చుకుంటాం. ఆ మాట ఇచ్చేముందు కొన్నేళ్ళు నేర్చుకునే కాలం ఉంటుంది. కొత్తగా వచ్చిన ఒక్కొక్కరికీ పాతవాళ్ళలో ఒకరు తోడు నడుస్తారు. నెలకోసారి తిరుపతిలో కూడుతాం. సువార్త చదువుతాం, ఆ నెలలో మా ఇళ్ళలో ఏం జరిగిందో చెప్పుకుంటాం. గూడూరులో కుట్టుపని నేర్పే నేను, చంద్రగిరి దగ్గర అంగన్‌వాడీలో ఆయాగా చేసే ఫిలోమినకు తోడుని. ఈ మధ్య రెండు కూడికలకు ఆమె రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నానే కానీ మానేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

గూడూరు నుంచి ఈ రైలు చవక, కానీ నిదానం. వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా రెండున్నర మూడు గంటలు పడుతుంది. ఏడింటిలోపు బండి ఎక్కితే ఎండ ముదరకముందే తిరుపతిలో దిగొచ్చు. కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా ఫిలోమినకు ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటూనే ఉన్నాను. భయం మామూలేనని, నేనూ భయపడ్డానని, వెనక్కి తగ్గొద్దని. తిరుపతి స్టేషన్ నుంచి బస్టాండ్ దగ్గరే, నడిచిపోవచ్చు. చంద్రగిరి వైపు బస్సులకు కరువులేదు, అరగంటో ముప్పావుగంటో ప్రయాణం. దిగి, అక్కడినుంచి షేర్ ఆటోలో వాళ్ళ ఊరికి చేరేసరికి పదకొండు దాటింది.

ఇంటి ముందు ఒక ఆటో ఆగి ఉంది. వసారాలో ఫిలోమిన వాళ్ళ అత్తకి తల దువ్వుతోంది. అత్త పేరు మునెమ్మ. కొడుకు పోయి ఆరేళ్ళయినా కోడలి దగ్గరే ఉంది. కోడలు క్రిస్టియన్, అత్త హిందువు. ఆ ఇంట్లో ఒక గోడకి సిలువ, ఎదురు గోడకి అమ్మవారి పటం ఉంటాయి. పోయిన ఏడాది నుంచి మునెమ్మకి కాళ్ళు పడిపోయాయి. ఇప్పుడు ఉతికిన పసుపు చీర కట్టి, పండగకి వెళ్ళే మనిషిలా కూర్చుని ఉంది. పక్కనే చర్చి నుంచి అడిగి తెచ్చిన చక్రాల కుర్చీ.

నన్ను చూడగానే ఫిలోమిన చేతిలో దువ్వెన ఆగిపోయింది. మునెమ్మకి మాత్రం సంబరం.

"వచ్చినావామ్మా! మంచి టయానికి వచ్చినావు. తిరుచానూరు పోతుండాము. నువ్వూ రా."

ఫిలోమిన నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. నీళ్ళు ఇస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. మూడేళ్ళ కింద తనకి గర్భసంచి ఆపరేషన్ అయింది. చాలా రక్తం పోయి, ఆస్పత్రివాళ్ళు కూడా ఆశ లేదన్నారు. అప్పుడు మునెమ్మ ఒక పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి, కోడలు ప్రాణాలతో ఇంటికొస్తే తన చేత్తో అమ్మవారి హుండీలో వేస్తానని మొక్కుకుంది. ఫిలోమిన ఇంటికొచ్చింది. ఇవాళ పోదాం, రేపు పోదాం అనుకుంటుండగానే మునెమ్మ కాళ్ళు పోయాయి. ముడుపు పటం వెనకే ఉండిపోయింది.

"రోజూ అదే మాటక్కా. 'మొక్కు తీరకుండా సచ్చిపోతానేమోమే' అంటాది. ఇంకొకరి చేత పంపిస్తామంటే ఒప్పుకోదు. తన చేత్తోనే ఎయ్యాలంట. నాకోసం మొక్కుకున్నాది కదా, నేను గాక ఎవురు తీసుకపోతారు?"

"తీసుకుపోమ్మా. దానికీ, పేరు తీసేయడానికీ ఏం సంబంధం?"

"చర్చిలో ఒకామె అన్నాది. వాగ్దానం చెయ్యబోయేదానివి, అమ్మవారి గుడి వాకిట్లో నిలబడితే నీ మాటకి విలువేముండాది అని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆలోచించినానక్కా. ఈమెను ఇట్లే ఏడిపిచ్చి, నేను పోయి దేవుని ముందర నిలబడితే నాకు నోరు పెగలదు. అందుకే పేరే తీసేయమన్నా."

రైల్లో కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. తప్పులేదని తేల్చి చెప్పేంత చదువు నాకు లేదు. తప్పని చెప్పడానికి మనసు రాలేదు.

"నాకు జవాబు తెలియడంలేదు ఫిలోమినా," అన్నాను. "కానీ నిన్ను ఒక్కదాన్నే పంపను. పద, నేనూ వస్తాను."

ఆటో అతని పేరు గిరి. ఆ ఊరివాడే. నలభై ఏళ్ళుంటాయి. మునెమ్మని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. కుర్చీని మడిచి ఆటో వెనక తాడుతో కట్టాడు. రానూపోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి ఎనిమిది వందలు మాట్లాడుకున్నాం. చంద్రగిరి నుంచి తిరుపతి ఊళ్ళో ట్రాఫిక్ దాటి తిరుచానూరు చేరడానికి గంట పట్టింది. దారంతా మునెమ్మ ముడుపుని గుప్పిట్లో పట్టుకునే ఉంది. గుంతలొచ్చినప్పుడల్లా ఫిలోమిన ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకునేది.

"మెల్లిగా పోనీ గిరన్నా," అంది ఒకసారి.

"ఇంతకన్నా మెల్లిగా పోతే ఎద్దులబండోడు దాటుకొని పోతాడమ్మా," అన్నాడతను. మునెమ్మ నోరంతా తెరిచి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి.

గుడి దగ్గర లాడ్జీల మధ్య, పూలు అమ్మేవాళ్ళ బుట్టల మధ్య కుర్చీ తోసుకుంటూ వాకిలి దాకా వెళ్ళాం. ఫిలోమిన రెండు మూరల మల్లెపూలు కొని అత్త చేతిలో పెట్టింది. అక్కడ ఆగిపోయింది. నేనూ ఆగాను. లోపలికి ఎవరు తీసుకెళ్ళాలన్నది మేమిద్దరం దారిలో అనుకోనేలేదు. మా ముఖాలు చూసి గిరి చెప్పులు విప్పాడు.

"మీరు ఈడ కూసోండి. పెద్దమ్మని నేను తీసుకపోతా. నేనూ దండం పెట్టుకోని శానా దినాలైనాది."

వయసైనవాళ్ళకి విడిగా దారి ఉందని వాకిట్లో అడిగితే చెప్పారు. మునెమ్మ వెనక్కి తిరిగి కోడలివైపు చూసింది. ఫిలోమిన తల ఊపింది. కుర్చీ జనంలో కలిసిపోయింది.

మేం ఒక పూలకొట్టు నీడలో కూర్చున్నాం. ఫిలోమిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాకిలి వైపే చూస్తోంది. కాసేపటికి మెల్లగా చెప్పింది.

"నువ్వు చెప్పినావు కదక్కా, ఫ్రాన్సిస్ గారు కుష్ఠురోగిని కౌగిలించుకున్నారని. అసహ్యం పోయి తియ్యగా అయినాదని. మా అత్తకి ఒళ్ళు తుడిచేటప్పుడు మొదట్లో నాకూ కడుపులో తిప్పేది. ఇప్పుడు ఏం లేదు. ఆమె ఒళ్ళు నా ఒళ్ళులాగే ఉండాది. దీన్ని నేను కూడికలో ఎప్పుడూ చెప్పలేదు. ఇది చెప్పుకునే మాటా అని."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఇది చెప్పుకోవడానికే కూడేది," అన్నాను. ఇద్దరికీ కళ్ళు నిండాయి. పూలమ్మాయి మా వైపు చూసి, అడగకుండానే తన నీళ్ళ సీసా ఇచ్చింది.

గంట దాటాక గిరి కుర్చీ తోసుకుంటూ బయటికొచ్చాడు. మునెమ్మ ముఖం కడిగినట్టుంది. గుప్పిట ఖాళీగా ఉంది. వేళ్ళకి, నుదుటికి కుంకుమ.

"ఏసినా," అంది. "నా సేత్తోనే ఏసినా. గిరి కుర్సీ హుండీ పక్కకి పెట్టినాడు."

ఫిలోమిన వెళ్ళి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మునెమ్మ కోడలి చెంప మీద చెయ్యి వేయబోయి ఆగింది. తన వేళ్ళు చూసుకుంది. కుంకుమ అంటిన వేళ్ళని చీర చెంగుకి ఒక్కొక్కటిగా, శుభ్రంగా తుడుచుకుంది. అప్పుడు కోడలి చెంప నిమిరింది.

"నా మొక్కు తీరిపోయినాదే. నీది ఎప్పుడు?"

ఫిలోమినకి అర్థం కాలేదు. "నాదేంది అత్తా?"

"మీ గుళ్ళో ఏందో మాట ఇయ్యాలంటివే. మూడేండ్లుగా బస్సెక్కి పోయి నేర్సుకుంటా ఉండావు. నా కాళ్ళు పాడుగాను, నావల్ల నీది నిలిసిపోకూడదు. ఆడికి కుర్సీ పోతాదా?"

ఫిలోమిన ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. వచ్చేపోయే జనం పక్కనుంచి తప్పుకుని పోయారు. ఎవరూ తొందరపెట్టలేదు.

సాయంత్రం వాళ్ళని ఆటోలో పంపించి, నేను తిరుపతిలో మా సంఘానికి సలహాలు చెప్పే ఫాదర్‌ని కలిశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, "తేదీ మార్చవద్దు. పేరు అలాగే ఉంచండి," అన్నారు. వాకిట్లోంచే ఫిలోమినకి ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది.

మొన్న ఆదివారం ఫిలోమిన వాగ్దానం చేసింది. మునెమ్మ కుర్చీ మొదటి వరసలో పెట్టాం. ఫిలోమిన చివరి మాట పలికాక చర్చి అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మునెమ్మ గట్టిగా అడిగింది. "తీరిపోయినాదా?" ఫిలోమిన వెనక్కి తిరిగి, "తీరిపోయినాది అత్తా," అంది. అందరం నవ్వాం, ఫాదర్‌తో సహా.

ఇన్నాళ్ళూ తోడు నడవడమంటే ముందు నడిచి దారి చూపడం అనుకునేదాన్ని. ఆ బుధవారం నాకు దారి తెలియలేదు. ఒక ముసలామె కుర్చీ పక్కన, ఆమె కోడలి అడుగులో అడుగు వేశాను, అంతే. ఎవరినైనా విశ్వాసంలో నడిపించాల్సి వస్తే పుస్తకంతోపాటు ఒక పూట వాళ్ళ ఇంటికి కూడా వెళ్ళండి. వాళ్ళ ప్రార్థన ఏ గదిలో, ఎవరి మంచం పక్కన జరుగుతోందో అక్కడికి వెళ్తేగానీ తెలియదు.

చివరగా, నడవలేని పెద్దవాళ్ళని తిరుచానూరు తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. శుక్రవారం రద్దీ ఎక్కువ, మామూలు రోజు చూసుకోండి. మడిచే కుర్చీ, కట్టుకోవడానికి తాడు, లోపలికి తోడు వెళ్ళే మనిషి ముందే సిద్ధంగా ఉండాలి. బయటికి రాగానే ఆటో ఎక్కించేయకండి. కాసేపు అక్కడే, వాళ్ళకి ఇష్టమైనంతసేపు కూర్చోనివ్వండి.