పారిజాతం కింద నేల

మా ఎదురింటి వదినగారు కార్తికమాసం గడవకుండానే, ఒక వేకువన పరమపదించారు. కబురు అందేసరికి నేను మా పేట పార్కులో పారిజాతం కింద కండువా పరిచి, కొమ్మ పట్టుకుని ఉన్నాను. ఆమెను గురించి రాయడానికి ఇది తగిన ప్రారంభం కాదు. మరొకటి రాస్తే అబద్ధమవుతుంది.

నా భార్య అక్కయ్యగారూ అని పిలవడంచేత ఆమె నాకు వదినగారయ్యారు. ద్రాక్షారామం దగ్గరి పల్లెనుంచి కొత్తకోడలిగా రాజమహేంద్రవరం వచ్చిననాడు ఈ పార్కు చుట్టూ పెంకుటిళ్లేనట. ఇప్పుడు నాలుగువైపులా అపార్టుమెంట్లు లేచి, లోపలికి ఎండ దిగేసరికి పొద్దెక్కుతోంది. నడకకు వచ్చే ప్రతివారి చేతిలోనూ పూజాపుష్పాలకొక కవరు.

పారిజాతాన్ని కోయరాదు, తనంతట రాలినదే దేవునికి అర్హమని వారందరికీ బోధించినవాణ్ణి నేనే. కొమ్మ కదిపితే రాలినదీ రాలినదేనని వెసులుబాటు కల్పించినదీ నేనే.

వదినగారు నవ్వేవారు. "మీ జేబు పట్టుకు ఊపి, పడినవి ఏరుకుంటే ఊరుకుంటారేంటండి, మరిదిగారూ?"

మోకాళ్ల నొప్పులతో ఆమె వచ్చేసరికి చెట్టు కింద మట్టే మిగిలేది. రాతిబెంచీమీద కూర్చుని, ఆకులకేసి చూసి, నన్ను కాఫీకి రమ్మని వెళ్లిపోయేవారు. పువ్వు చూసినవాడిది గాని కోసినవాడిది కాదనేవారు.

దసరా వెళ్లాక మొదటిసారి ఒక కోరిక కోరారు.

"ఒక్క పొద్దు వదిలెయ్యమని వాళ్లకి చెప్పండి. కాపరానికొచ్చిన కొత్తలో చూశాను, నేలంతా తెల్లగా. మళ్లీ ఓసారి చూడాలనుంది. మీరు చెబితే వింటారు."

కార్తికం వెళ్లనివ్వండి, నెలంతా అభిషేకాలు కదా అన్నాను.

"దేవుడు ఆగలేడు కాబోలు. నేను ఆగుతాన్లెండి" అన్నారు.

పరిహాసమనుకున్నాను. సర్వభూతాలలోనూ ఈశ్వరుడున్నాడని ఏళ్లతరబడి పురాణం చెప్పిన నోటితోనే ఆ ముసలితల్లిని ఆగమన్నాను.

ఆమెను సాగనంపిన మర్నాడు చీకటితోనే నడకకు వచ్చినవారితో వదినగారి కోరిక చెప్పాను. కవర్లు మడిచి అందరూ పక్కకు తొలగారు. అంత తేలికైన పనికి నేను గడువు పెట్టాను.

తెల్లవారింది. చెట్టు కింద నేలంతా తెలుపు, మధ్యమధ్య పగడపు కాడలు. ఎవరమూ అటు అడుగు వేయలేదు. పొద్దెక్కాక పార్కు ఊడ్చే ఆమె చీపురుతో వచ్చి, మా వాలకం చూసి, "ఊడ్చెయ్యమంటారా అండి?" అంది.

ఎవరికోసం ఆగమనను? చీపురు ముందు ఆ తెలుపంతా ఒక పక్కకు జరిగిపోతూ ఉంటే, వెనక తడినేల నల్లగా బయటపడింది.