ఐలవ్వ గోడ మీద గంగి పాలు

శుక్రవారం నాడు బేరగాడు పలుపుతాడు పట్టుకొని వస్తాడు, గంగిని తోలుకుపోతాడు. మంగళవారం పొద్దుటికి ఐలవ్వ చేతిలో మిగిలినవి మూడే రోజులు.

గంగి ఆమె బర్రె. పెళ్లయి కాసిపేట నుంచి గోదావరిఖనికి వచ్చినప్పుడు తల్లి వెంట పంపిన దుడ్డె. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు నాటికి మూడో ఈత ఈనింది. మూడో ఈతకు పాలు పెరగాలి, గంగికి తగ్గాయి. "ముసల్దయింది, అమ్మేద్దాం" అన్నాడు భర్త సదయ్య. గనిలో పనిచేసే మనిషి. డ్యూటీకి టైమైందని చెప్పినంత తేలిగ్గా అన్నాడా మాట. అందుకే ఐలవ్వకు ఒళ్లు మండింది.

రెండు నెలల కిందట పశువుల దవాఖాన కంపౌండర్ సిరాజుద్దీన్ గంగిని చూసి, రోగమేమీ లేదని తేల్చాడు. అర లీటరు కొలపాత్ర ఒకటి ఐలవ్వ చేతికిచ్చి, "రోజూ ఎన్ని పాలిస్తుందో గుర్తు పెట్టు అక్కా. బర్రెకు నోరు లేదు, లెక్కే దాని నోరు" అన్నాడు.

ఐలవ్వకు రాత రాదు. పొయ్యిలోకి తెచ్చిన బొగ్గుముక్కతో కొట్టం పక్కనున్న సున్నపు గోడ మీద గీతలు గీసింది. అర లీటరుకు ఒక గీత. గనివాళ్ల క్వార్టర్లుండే ఈ లైన్లలో వారాన్ని తేదీలతో ఎవరూ గుర్తుపెట్టుకోరు, షిఫ్టుతోనే. అందుకని ఆమె కూడా ఫస్టు షిఫ్టు వారాలన్నీ ఒక వరుసలో, సెకండ్ షిఫ్టువి దాని కింద, నైట్ షిఫ్టువి ఆ కింద గీసుకుంది.

అత్త లస్మవ్వకు ఇది మొదటిరోజే గిట్టలేదు. "కొలిచిన పాలు నిలవయ్, పొదుగు ఎండుతది" అని గొణిగేది. పాలెన్ని అని ఎవరైనా అడిగితే "ఏదో, దూడకు పోను ఇన్ని" అనడమే ఆమెకు తెలిసిన మర్యాద. లెక్క పైకి అంటే దిష్టి. కోడలేమో గోడంతా దిష్టి రాసి పెట్టింది!

ఆ మంగళవారం పొద్దున గీతలు గీసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసిన ఐలవ్వ అలాగే నిలబడిపోయింది. ఫస్టు షిఫ్టు వరుసలో రోజుకు పది గీతలు. నైట్ షిఫ్టులో ఎనిమిది. సెకండ్ షిఫ్టులో ఏడు, ఆరు, మళ్లీ ఏడు. మూడుసార్లు షిఫ్టులు తిరిగితే మూడుసార్లూ అంతే. ముసలితనమైతే ఒక వారం వచ్చి ఇంకో వారం పోతుందా? సదయ్యకు చెప్పాలనుకుంది. ఈ వారం అతనిది సెకండ్ షిఫ్టే, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు. గడ్డి కోసుకొచ్చి చూపిద్దామని కొడవలి పట్టుకొని పోయింది.

వచ్చేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. అత్త పక్కన సున్నపు డబ్బా, చేతిలో కుంచె.

"ఎట్లాగూ అమ్ముతున్నం గదనే. ఆ లెక్క దూడకు తగలొద్దని కొట్టేసిన" అంది లస్మవ్వ.

అటు చూస్తే సదయ్య గంగి పక్కన గిన్నె పెట్టుకొని కూర్చుంటున్నాడు. మూడింటికి డ్యూటీ ఎక్కాలి కాబట్టి ఈ వారమంతా ఒంటిగంటకే పిండి పోతాడు. గంగి అతని చేతికి తప్ప ఎవరికీ చేపి పాలివ్వదు.

ఐలవ్వ గడ్డిమోపు పడేసి పోయి గిన్నె లాగేసింది.

"ఏందే, పిచ్చి లేసిందా? నాకు టైమైతుంది!"

"నీ టైముకే దాని పాలు పోతున్నయ్!"

కుడితి తొట్టి పక్కనున్న బకెట్ ఎత్తి, నీళ్లన్నీ గోడ మీద గుమ్మరించింది. పలచగా వేసిన ఒకే పూత. తడిసిన సున్నం కిందనుంచి నల్లటి గీతలు ఒక్కొక్కటే తేలాయి. లస్మవ్వ కుంచె జారవిడిచింది.

"గీ పైది నీ ఫస్టు షిఫ్టు. గీ నడిమిది సెకండ్. ఏది పొడుగుందో నువ్వే చూడు" అంది ఐలవ్వ. "ఫస్టు షిఫ్టుల పొద్దుగూకినంక పిండుతవ్. గీ వారం పొద్దున అయిదుకు పిండి, ఒంటిగంటకే మళ్ల పిండుతవ్. ఆడికెళ్లి తెల్లారేదాక పదారు గంటలు అది పొదుగు మోసుకొని నిలవడాలె. నిన్ను లోపల్నే పదారు గంటలుంచితే బొగ్గు ఎక్కువొస్తదా?"

సదయ్య గోడ దగ్గరికి పోయి రెండు వరుసల గీతలూ వేలితో లెక్కపెట్టాడు. "డ్యూటీ ఇడిసి రావాల్నా మరి?"

"వద్దు. పొద్దుగూకంగ నేను పిండుత."

"నిన్ను చెయ్యి పెట్టనియ్యదు. పాలు నిలిచి పొదుగు వాసిందంటే శుక్రవారం ఎవ్వడూ కొనడు, మనకూ పనికి రాదు. యాదుంచుకో." టిఫిన్ డబ్బా తీసుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం గంగి చెయ్యి పెట్టనివ్వలేదు. మొదటి తన్నుకు గిన్నె ఎగిరిపడింది, రెండో తన్ను ఐలవ్వ మోకాలికి తగిలింది. పాలిచ్చే బర్రె తన్నినా పడాలంటారు. పాలివ్వకుండా తన్నే బర్రెతో ఏం చేయాలో ఆ సామెత చెప్పలేదు. దూడను విడిచింది, పొదుగు నిమిరింది. రాయిలా గట్టిపడిన పొదుగు నుంచి చుక్క రాలేదు. తల్లి ఇచ్చిన బర్రెను తన మొండితనమే చెడగొడుతోందేమో! ఐలవ్వకు భయమేసింది. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

తీగ మీద సదయ్య నిన్నటి డ్యూటీ అంగీ వేలాడుతోంది. బొగ్గుతో, చెమటతో అట్టకట్టి ఉంది. ఐలవ్వ దాన్ని చీర మీదే తొడుక్కుంది.

"అయ్యో, మొగని అంగీ తొడుగుతవానే!" అంది లస్మవ్వ. పక్క క్వార్టర్ మల్లక్క పకపకా నవ్వి, "ఐలవ్వ, ఏ షిఫ్టే నీది?" అని అరిచింది.

ఐలవ్వ వినిపించుకోలేదు. తల గంగి డొక్కకు ఆనించి కూర్చుంది. గంగి మెడ తిప్పి భుజం వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ఒక్క నిట్టూర్పు విడిచి కాళ్లు కదపకుండా నిలబడింది. పొదుగు మెత్తబడింది. గిన్నెలో మొదటి ధార చుయ్యిమంది. ఐలవ్వ ఏడుస్తూనే పిండింది.

బుధవారం ఏడు గీతలు, గురువారం ఎనిమిది. గీసిన ప్రతిసారీ లస్మవ్వ మొహం అటు తిప్పుకుంది, కానీ సున్నపు డబ్బా జోలికి పోలేదు.

శుక్రవారం పొద్దున బేరగాడు రానే వచ్చాడు. సదయ్య గడపలో నిలబడి ఒకసారి తాడు వంక, ఒకసారి గోడ వంక చూశాడు. ఇచ్చిన మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక గడప దిగలేదు. ఐలవ్వ గంగి మెడ మీద చెయ్యి వేసింది.

లస్మవ్వే కొట్టం ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది.

"పో బిడ్డ, పో. మా బర్రె లెక్క ఇంకా అయిపోలే" అంది. కొంగుముడి విప్పి బొగ్గుముక్క తీసి, కోడలి చేతిలో పెట్టింది.