పడవ మోటారులో బొగ్గు

నా చిన్నప్పుడు మా గోదావరిఖనిలో ఇళ్లన్నీ గని సైరన్‌తో లేచేవి. మా ఇంట్లో మాత్రం సైరన్ కంటే ముందే మా తాతయ్య లేచేవాడు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. భూమి లోపల గనిలో నీళ్లు తోడే పంపుల మీద ఆయన మీసాలు రాకముందు నుంచీ పనిచేశాడు. రిటైరైన రోజున తోటి కార్మికులు మెడ నిండా దండలు వేసి, డప్పులు కొట్టుకుంటూ ఇంటిదాకా తెచ్చి దింపారు. ఆ దండల మధ్య తాతయ్య ముఖం కనిపించక నేను ఏడ్చాను. తర్వాత కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, నది వైపు కట్టుకున్న చిన్న ఇంటికి మారాం. మా నాన్న కొత్త పడక కుర్చీ కొనుక్కొచ్చి, "శాన కష్టపడ్డవ్ బాపు, ఇగ నిమ్మళంగ కూసో" అన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. తాతయ్యకు కూర్చోవడం రాదు. మొదటి షిఫ్టు వేళకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గడప దాకా వెళ్లి ఆగిపోయేవాడు. పోనీ ఇంట్లో ఏదైనా పని చేద్దామంటే మేం చేయనిస్తే కదా! బిందె ఎత్తబోతే అమ్మ లాక్కునేది. కరెంటు బల్బు మార్చబోతే నాన్న స్టూలు పట్టుకుని దింపేవాడు. సంచి తీసుకుని కూరగాయలకు బయలుదేరితే నేనే చెప్పుల్లో కాళ్లు పెట్టి ముందు పరుగెత్తేదాన్ని. అదంతా ప్రేమే. ఆ ప్రేమతోనే ఆయన చేతిలో పని అనేది లేకుండా చేశాం.

కొన్నాళ్లకు చొక్కా వేసుకోవడం మానేశాడు. తర్వాత మాట తగ్గింది, ఆ తర్వాత తిండి తగ్గింది. పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి, "సాలు" అని లేచిపోయేవాడు. మనిషి చిక్కి, బొమికలు లెక్కపెట్టేలా అయ్యాడు. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి జబ్బేమీ లేదన్నారు. మేమంతా హమ్మయ్య అనుకున్నాం గానీ నాయనమ్మ మాత్రం కుమిలిపోయింది. "జబ్బయితె మందన్న ఉండు గదా" అంది. ఆయన మాకు ఎక్కువ రోజులు దక్కడేమోనన్న భయం ఇంట్లో అందరికీ ఉంది. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

మా వీధి చివర ఒకాయన ఉండేవాడు, బాబాయి వరస కట్టి పడవ కాక అనేవాళ్లం. చేపలు పట్టడం, అవతలి ఒడ్డు ఊళ్ల వాళ్లను నది దాటించడం ఆయన పని. పడవకు వెనక తగిలించే పాత మోటారు ఒకటి ఉండేది. ఎక్కడో కోస్తా సముద్రంలో సగం ఆయుష్షు గడిపి మా గోదావరికి చేరిన మోటారు అది. బడి లేనప్పుడు నేను ఒడ్డు మీదే ఉండేదాన్ని. కాక ఆ మోటారును గోనెసంచి మీద పడుకోబెట్టి, పైభాగం విప్పి, లోపల పేరుకున్న నల్లటి మసిని గీకి తీసి, మళ్లీ బిగించడం నా కళ్లతో చాలాసార్లు చూశాను. పాట పాడుకుంటూ చేసేవాడు. చేతి వైపు చూసుకోవాల్సిన అవసరం కూడా ఉండేది కాదు.

అలాంటి కాక, మా గోదావరి ఒడ్డున జరిగే సమ్మక్క జాతర దగ్గర పడుతుండగా ఒక ఉదయం ఆ మోటారును భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. తాతయ్య కుర్చీ ముందు దించి, చెమట తుడుచుకుని, ఏడుపు ముఖం పెట్టాడు.

"పెద్దబాపు, ఇది పొగ ఇడుస్తంది గని గుంజుతలేదు. నలుగురు ఎక్కితె ఆగిపోతంది. లోపట ఏమైందో నాకు తెల్వది. పంపుల మీద చేసినోనివి, జర సూడరాదు."

నాకు ఒళ్లు మండింది. పచ్చి అబద్ధం! నా నోట్లో నువ్వుగింజ నానదని మా నాయనమ్మ ఊరంతా చెప్పేది, అది నిజమే. "కాకా, నీకు..." అని అందుకోబోయాను. కాక తలెత్తి నా వైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. పెద్దవాళ్లు పిల్లలను అలా చూడడం నాకు అదే మొదటిసారి. ఎందుకో తెలియదు గానీ ఆగిపోయాను.

 తాతయ్య కుర్చీలోంచే వంగి, మోటారు ముందున్న తాడు పట్టుకుని మెల్లగా లాగి చూశాడు. ఇంకోసారి లాగాడు. దానికి చెవి ఆనించి విన్నాడు. "ప్లగ్గు ఇప్పేదున్నదా?" అని అడిగాడు. ఆ వారంలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. నాయనమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మ "మామయ్యా, మీకెందుకు..." అనబోతే చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసింది.

ప్లగ్గు తీస్తే తారులో ముంచినట్టు ఉంది. తాతయ్య దాన్ని వేళ్ల మధ్య తిప్పి, "పెట్రోల్‌ల ఆయిల్ ఎంత కలుపుతున్నవ్ రా?" అన్నాడు. కాక తల గోక్కుని, కొంచెం ఎక్కువే పోస్తున్నానని, నూనె ఎక్కువుంటే యంత్రం చల్లగా ఉంటుందనుకున్నానని చెప్పాడు. ఇంక చూడండి, తాతయ్య తిట్లు మొదలయ్యాయి. ఎక్కువ నూనె పోసి, ఎప్పుడూ సన్నగా నడిపితే నూనె సరిగా కాలదనీ, మసి అయి లోపలే అంటుకుపోతుందనీ, పొగ పోయే దారి మూసుకుంటే మోటారుకు ఊపిరి ఎలా ఆడుతుందనీ దులిపేశాడు. కాక చేతులు కట్టుకుని అన్నీ పడ్డాడు. చాన్నాళ్ల తర్వాత మా తాతయ్యకు తిట్టడానికి ఒక మనిషి దొరికాడు.

మోటారు తలభాగం విప్పేసరికి లోపల పిస్టన్ మీద మందంగా నల్లటి పెచ్చు. తాతయ్య వేలితో గీసి, "బొగ్గు కోసం మేం పాతాళానికి దిగితిమి. నీ మోటర్ల ఇంత బొగ్గున్నదని కంపెనీకి తెలిస్తె ఈడనే గని తోడుతరు రా" అన్నాడు. నాయనమ్మ వంటింట్లో ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని మా అమ్మ ఆశ్చర్యపోయింది.

కిరసనాయిలు పోసి ఆ పెచ్చును నాననిచ్చారు. అంతవరకూ అంతా బాగానే ఉంది. అసలు ప్రమాదం తర్వాత వచ్చింది. తాతయ్య నలభై ఏళ్ల పైగా పోత ఇనుము పంపులతో బతికిన మనిషి. ఆ పంపులకు తుప్పు పట్టినా మడ్డి పట్టినా ఇనుప బద్దతో బలంగా గీకడమే అలవాటు. ఆ అలవాటుతోనే పాత రంపపు బ్లేడు తీసుకుని పిస్టన్ మీద ఒక్క గీత గీశాడు. పెచ్చుతో పాటు కింద తెల్లగా, తళతళలాడే చార పడింది.

నేను కాక ముఖం చూశాను. రక్తం లేదు ఆ ముఖంలో. ఆపడానికి చెయ్యి సగం దాకా లేచింది, మళ్లీ తొడ మీదికి దిగింది. ఏమీ తెలియదని చెప్పుకున్న మనిషి, ఇప్పుడు తెలిసినట్టు ఎలా మాట్లాడతాడు? అటు చూస్తే జాతర. ఆ నాలుగు రోజులు నది దాటించే జనంతోనే ఆయన ఇల్లు ఏడాదిలో సగం గడిచేది. తాతయ్య రెండో గీతకు బ్లేడు ఆనించాడు. కాక గొంతు పెంచి, వంటింటికి వినిపించేలా అడిగాడు.

"పెద్దబాపు, అది ఇనుమా, సిల్వరా?"

లోపలి నుంచి నాయనమ్మ వెంటనే అందుకుంది. "సిల్వర్ గిన్నెను ఎవ్వలన్న ఇనుపదాంతోని గీకుతరా? బొక్కలు వడయా?"

తాతయ్య చెయ్యి ఆగిపోయింది. వెలుతురులోకి వంగి ఆ చారను చూశాడు. ఇనుము కాదు, మేం సిల్వర్ అనే అల్యూమినియం, ఇనుముతో గీకితే తెగిపోయే మెత్తటి లోహం. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. బ్లేడు కింద పెట్టి, "నాకు చాతగాదు. నేను ఖరాబు జేస్త. తీస్కపో రా" అన్నాడు. లేచి గోడ వైపు తిరిగాడు. గుమ్మంలో నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గోడ వైపు తిరిగిన మనిషి మళ్లీ ఇటు తిరగడని ఆ క్షణంలో నాక్కూడా తెలిసిపోయింది. కాకకు అన్నీ వచ్చు, ఆయనే బాగు చేస్తాడు, నువ్వు బాధపడకు తాతా అని అరవాలనిపించింది. మాట పెదవుల దాకా వచ్చింది.

కాక ఓదార్చలేదు. పర్వాలేదని అనలేదు. మా వీధంతా వినేలా కేకలేశాడు.

"తీస్కపోయి ఏం జెయ్యాలె? మొత్తం ఇప్పి పెడితివి! మల్ల బిగించుడు నాకొస్తదా? జాతర మీదికచ్చె, నా పెండ్లాం పిల్లలను ఏం తినుమంటవ్? నువ్వు ఇప్పినవ్, నువ్వే పెట్టియ్యాలె. గంతే!"

మా ఇంట్లో అప్పటికి ఏడాదిగా తాతయ్యతో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందరం పసిపిల్లాడిని చూసినట్టు మెత్తగా మాట్లాడేవాళ్లం. తాతయ్య గిరుక్కున తిరిగాడు. "ఒర్లకురా, ఇనవడ్తది" అన్నాడు. వచ్చి మళ్లీ కూర్చున్నాడు. నా వైపు చూసి, దడి లోంచి ఒక వెదురు బద్ద విరుచుకు రమ్మన్నాడు.

ఆ వెదురును ఉలిలా చెక్కి, సాయంత్రం దాకా గీకాడు. ఒక్క పెచ్చు కూడా లోపలికి జారకుండా అంచు చుట్టూ గుడ్డ కూరాడు. పొగ పోయే రంధ్రం సగానికి పైగా పూడిపోయి ఉంటే, దాన్ని పుల్లతో పొడిచి పొడిచి తెరిచాడు. మొదటి చారను సన్న గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. మధ్యలో నేను నీళ్లు ఇస్తే చూడకుండానే తాగి గ్లాసు ఇచ్చేశాడు. బిగించేటప్పుడు ఒక నట్టునే గట్టిగా తిప్పకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించాడు. ఎందుకలా అని కాక అడిగాడు. తాతయ్య ఓపికగా చెప్పాడు. బాగా తెలిసిన విషయాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున వాకిట్లో డ్రమ్ము నిండా నీళ్లు పోసి, మోటారును దానికి తగిలించారు. నీళ్లు లేకుండా నడిపితే వేడెక్కి బిగుసుకుపోతుందట. తాతయ్య తాడు లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. ఇంటి ముందు వీధిలో సగం మంది చేరారు.  మా నాన్న ముందుకు వెళ్లబోతే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఈసారి తాతయ్య అరుగుకు కాలు తన్నిపెట్టి లాగాడు. మోటారు దగ్గింది, నల్లటి తుంపరలు కక్కింది, వాకిలంతా పొగ కమ్మింది. ఆ పొగలోంచి చప్పుడు నెమ్మదిగా తేటపడి, ఒక్క ధారగా సాగింది.

ఆ తర్వాత నదిలోకి తీసుకెళ్లారు. మిగిలిన మసి బయటికి పోవాలంటే కాసేపు పూర్తి జోరుగా నడపాలని తాతయ్యే చెప్పాడు. కాక ఆయన్నే వెనక కూర్చోబెట్టి మోటారు చేతికిచ్చాడు. నేను ముందు కూర్చున్నాను. ఎదురుగాలికి కళ్లు మూసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే, తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎప్పుడు వేసుకున్నాడో నేను గమనించలేదు.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని పీట వాల్చుకున్నాడు. "ఆకలైతంది, బువ్వ పెట్టు" అన్నాడు. నాయనమ్మ పళ్లెం పెట్టి, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఆయన మూడోసారి అన్నం అడిగేదాకా ఇటు తిరగలేదు. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం ఒడ్డు మీద కాకను నిలదీశాను. నీకు వచ్చు కదా, మరి రాదని ఎందుకు చెప్పావని అడిగాను. వల సర్దుకుంటూ, "వస్తది. ఎందుకు రాదు?" అన్నాడు. తాతయ్య పాడు చేసి ఉంటే ఏం చేసేవాడివని అడిగాను.

"మోటర్ పోతె తెడ్డున్నది బిడ్డా. మనిషి పోతె ఏమున్నది?" అన్నాడు. ఈ సంగతి ఎక్కడా అనొద్దన్నాడు. అనలేదు. తాతయ్య ఇంకా చాలా ఏళ్లు బతికాడు. ఒడ్డున ఏ మోటారు మొరాయించినా ఆయన కోసం మనిషి వచ్చేవాడు. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన రోజున వీధిలో టపాసులు పేలుతుంటే, మసి చేతులతోనే బయటికి వచ్చి నవ్వుతూ నిలబడ్డాడు. ఆ మరుసటి వానాకాలం నిద్రలోనే పోయాడు. కాక అబద్ధమాడాడని ఆయనకు చివరిదాకా తెలియదు. తెలిసి ఊరుకున్నాడేమో అని కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆమెకు చూపు తగ్గింది, మోకాళ్లు పట్టేశాయి. సాయమంటే ఎప్పుడూ ఇవ్వడమే అనుకుంటాం గానీ, అడగడం దానికంటే కష్టం. అడిగాక చెయ్యి ముడుచుకుని కూర్చోవడం మరీ కష్టం. అయినా పప్పు ఉడకగానే, "అత్తమ్మా, ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలుస్తలేదు, జర సూడు" అని పిలుస్తాను. ఆమె గోడ పట్టుకుని వస్తుంది. గరిటె నాలుక్కి ఆనించుకుని, "ఇన్నేండ్లయె, ఇంక ఉప్పు అందాజ దొరకదా నీకు?" అని తిడుతుంది. ఇంకో చిటికెడు వేస్తుంది, ఒక్కోసారి పిడికెడే వేస్తుంది. ఆ పూట మేమందరం మజ్జిగ కాస్త ఎక్కువ పోసుకుని తింటాం.