నూట నలభై అని రాసిన కార్డు

మునగాల దాటాక హైవే నుంచి లోపలికి తిరిగే ఒక ఊళ్లో పదకొండేళ్లు ఏఎన్ఎంగా పనిచేశాను. ఊరివాళ్లకు నేను నర్సమ్మని. గర్భిణులకు బరువు, బీపీ చూడటం, మాత్రలివ్వడం, పిల్లలకు సూదులు వేయడం నా పని. వీటన్నిటికంటే రాయడం పెద్ద పని. గర్భిణి చేతికి ఒక కార్డు, సెంటర్లో రిజిస్టరు, ఫోన్లో మళ్లీ అదే. కార్డులో బిడ్డ గుండె చప్పుడుకు ఒక గడి ఉంటుంది. నిమిషానికి నూట ఇరవై నుంచి నూట అరవై మధ్య కొట్టుకుంటే బాగున్నట్టు. నేను అందరికీ నూట నలభై అని వేసేదాన్ని.

మొదట్లో అలా లేను. పొట్టకు గొట్టం ఆనించి, చెవి పెట్టి, వాచీ చూస్తూ లెక్కపెట్టేదాన్ని. తర్వాత రాతపని పెరిగింది. సోమవారం వస్తే రెండు ఊళ్ల గర్భిణులు బెంచీల మీద కిక్కిరిసి కూర్చునేవాళ్లు. ఎవరైనా నొప్పి అంటేనో, రక్తం కనపడిందంటేనో వినేదాన్ని. మిగతావాళ్లను "కడుపుల బిడ్డ మెదుల్తున్నదా?" అని అడిగి, తలూపితే అంకె వేసేదాన్ని. అది అబద్ధమని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఆమెకు అప్పుడు ఇరవై మూడేళ్లు. తొలి కాన్పు, ఏడో నెల. ఆ సోమవారం నేను అడగకముందే చెప్పింది.

"నర్సమ్మా, ట్రాక్టర్ సప్పుడైతే సాలు, లోపల దుంకుతున్నడు."

"అయితే డ్రైవరైతడు తియ్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నూట నలభై వేసి కార్డు చేతికిచ్చాను.

అది జరిగిన నాలుగో రోజు పొద్దున ఆమె మొగుడు పని మీద కోదాడ వెళ్లాడు. వాళ్ల పొలానికీ, ఆయన అన్న పొలానికీ కాలువ మీద ఒకటే తూము. ఆ రోజు నీళ్ల వంతు వీళ్లది. ఆమె ఒక్కతే పోయి మడవ తిప్పి నీళ్లు తమ మడికి మళ్లించుకుంది. బావ పార పట్టుకుని వచ్చాడు. మాటా మాటా పెరిగింది. పార తిరగేసి కట్టెతో ఆమె పొట్ట మీద కొట్టాడు. ఒక్క దెబ్బే. పక్క మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు అరుచుకుంటూ వచ్చేసరికి గట్టు మీద ముడుచుకుని పడి ఉంది.

108లో సూర్యాపేట దవాఖానకు నేనే తోడు వెళ్లాను. దారిలో నా చేయి పట్టుకుంది.

"మెదుల్తలేడు నర్సమ్మా. జర సూడుండ్రి."

గొట్టం తీసి చెవి పెట్టాను. సైరన్, బండి కుదుపు, నా గుండె దడ తప్ప ఏమీ వినపడలేదు. జాగా మార్చి మార్చి విన్నాను. ఆ బిడ్డ కోసం నేను చెవి పెట్టింది అదే మొదటిసారి.

సాయంత్రానికి చనిపోయిన బిడ్డ పుట్టాడు. దెబ్బకు మాయ విడిపోయిందని డాక్టరు చెప్పారు. తల్లి బతికింది.

కేసు కొట్లాట కింద రాశారు. వాంగ్మూలం తీసుకోవడానికి వార్డుకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్‌ను ఆమె అడిగింది.

"సార్, కొట్టినందుకు రాస్తున్నరు. సంపినందుకు రాయరా?"

ఆయన పెద్దవాడు. పెన్ను ఆపాడు. "పుట్టి ఊపిరి తీసుకుంటెనే మనిషి కింద లెక్క బిడ్డా. కడుపులున్నోళ్లు పోతే మర్డర్ కేసు రాయరాదు. వేరే సెక్షన్ ఉన్నది. పోస్ట్‌మార్టం రిపోర్ట్ రానీ."

రిపోర్టు వచ్చాక ఆ సెక్షన్ చేర్చారు. మూడు వందల పదహారు. అదేమిటో నాకు సాక్షి సమన్లు వచ్చాకే తెలిసింది. సూర్యాపేట కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒక మేడమ్. తన గదిలో కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు.

"రెండు రుజువు కావాలెనమ్మా. ఒకటి, కడుపుల బిడ్డకు అప్పటికే కదలిక ఉన్నదని. రెండోది, ఆ దెబ్బకు తల్లే పోయి ఉంటే అది హత్యానేరం కిందికి వచ్చేటంతటి దెబ్బ అని. మొదటిదానికి మీ కార్డున్నది. నాలుగు రోజుల ముందే గుండె నూట నలభై అని రాసిండ్రు. ఇంకేం కావాలె?"

చెప్పాల్సింది అప్పుడే. నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్ ఆ ఫైలు మూసి ఇంకో ఫైలు తీశారు. నేను లేచి వచ్చేశాను.

బోనులో నిలబడ్డ రోజు మొదటి పావుగంట సులువుగానే గడిచింది. తర్వాత అవతలి లాయరు లేచాడు. కోదాడ వైపు మాట, మెత్తగా మాట్లాడతాడు. కోర్టు తెప్పించిన నా రిజిస్టరు ఆయన చేతిలో ఉంది.

"సిస్టర్ గారూ, ఇది మీ చేతి రాతేనాండీ?"

"అవును సార్."

"ఈ పేజీలో పదహారు మంది గర్భిణులున్నారు. అందరి పిల్లల గుండె నూట నలభయ్యే కొట్టుకుందాండీ?"

వెనక ఎవరో నవ్వారు. ఆయన ఇంకో పేజీ తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు. అన్నీ అవే అంకెలు.

"సరే, మిగతావాళ్లని వదిలేద్దాం. ఈమె బిడ్డ గుండె మీరు చెవితో విన్నారా, లేదా? అంతవరకే చెప్పండి."

ఆమె చివరి బెంచీలో మొగుడి పక్కన కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది. విన్నానంటే చాలు. ఒక్క మాట. కాదని రుజువు చేసేవాళ్లు ఎవరూ లేరు. పైగా ఆ రోజు ఆ గుండె కొట్టుకుంటూనే ఉండి ఉంటుంది కదా.

"వినలేదు. అడిగి రాసిన" అన్నాను.

నిజాయితీతో అన్నానని చెప్పుకోలేను. విన్నానంటే ఆ పదహారు మందినీ విన్నానని చెప్పాలి, తర్వాతి పేజీనీ, ఆ తర్వాతి పేజీనీ. నాకు భయం వేసింది, అంతే.

ప్రాసిక్యూటర్ మేడమ్ మళ్లీ లేచి, ఆ సోమవారం ఆమె నాతో ఏమన్నదని అడిగారు. ట్రాక్టరు మాట చెప్పాను. లాయరు అభ్యంతరం చెప్పినా జడ్జిగారు రాయించారు. బయటికి వచ్చాక మేడమ్ నా మీద అరవలేదు. "నాకు ముందుగాల చెప్పొద్దా అమ్మా?" అన్నారు.

తీర్పు రావడానికి ఇంకో ఏడాదికి పైగా పట్టింది. ఈలోగా కొత్త చట్టాలు వచ్చాయి. ఆ సెక్షన్ నంబరు ఇప్పుడు తొంభై రెండు అనీ, మాటలు మాత్రం అవేననీ మేడమ్ చెప్పారు. పాత నేరం కాబట్టి ఈ కేసు పాత నంబరుతోనే నడిచింది. ఆమెకు తగిలిన దెబ్బకు బావకు మూడేళ్ల శిక్ష పడింది. బిడ్డ సెక్షన్ కొట్టేశారు.

"మీవల్ల కాదు" అన్నారు మేడమ్ ఫోన్లో. "బిడ్డకు కదలిక ఉన్నదని జడ్జిగారు ఒప్పుకున్నరు. తల్లి చెప్పింది, డాక్టర్ చెప్పిండు, అది సాలన్నరు. ఆ ఒక్క దెబ్బ తల్లి పానం తీసేటంతటిదని రుజువు కాలేదన్నరు, అక్కడ పోయింది."

అయినా తీర్పులో నా గురించి ఒక వాక్యం ఉంది. ఆరోగ్య కార్యకర్త రాసిన వివరాలు నమ్మదగినవి కావు అని. ఆఫీసు మెమో ఇచ్చింది. తప్పు ఒప్పుకుంటూ జవాబు రాశాను. వేములపల్లి వైపు బదిలీ చేశారు. ఇప్పుడు ప్రతి పొట్ట మీదా నిమిషం నిండా వింటాను. సోమవారాలు సాయంత్రం దాకా సాగుతాయి. బెంచీల మీది ఆడవాళ్లు విసుక్కుంటారు.

పోయిన వానాకాలం మిర్యాలగూడ బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టింది. ఊరు వదిలి వచ్చారట. మొగుడూ పెళ్లాలిద్దరూ రైసుమిల్లులో పని. చిక్కిపోయింది. నా పక్కనే కూర్చుంది. నేనే అడిగాను.

"నా మీద కోపం ఉన్నదా అమ్మా?"

"కేసు గురించైతే లేదు నర్సమ్మా. అబద్ధం ఎందుకు చెప్పలేదని గూడ అడగ." చేతిసంచి తాడును వేలికి చుట్టుకుంది. "కార్డు మీద నంబర్ రాసిండ్రు గద. మీరు ఇన్నరనే అనుకున్న. వాన్ని ఎవ్వరు ఎత్తుకోలే. వాని ఏడుపు ఎవ్వరు ఇనలే. ఒక్క మీరన్న వాని గుండె సప్పుడు ఇన్నరు గదా అని నాకు ధైర్యంగుండె. కోర్టుల గట్ల చెప్పినంక, వాడు బతికి ఉండె అని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అయిన."

క్షమించమని అడగబోయాను. అడిగితే ఆమె క్షమించేస్తుందని తెలిసి ఆగిపోయాను.

బిడ్డ సెక్షన్ కొట్టేసినదాని మీద సర్కారు తరఫున హైకోర్టుకు అప్పీలు వేశారని ఆమే చెప్పింది. "గాడ మళ్ల మనల్ని పిలుస్తరా?"

"పిలువరమ్మా. గాడ కాయితాలే సూస్తరు."

"నేను చెప్పిందంత గా కాయితాలల్ల ఉంటదా?"

"ఉంటది" అన్నాను.

ఎంత ఉందో, ఎలా ఉందో నాకు తెలియదు. కోర్టులో ఆమె తెలుగులో ఏడుస్తూ చెప్పింది. జడ్జిగారు ఇంగ్లీషులో చెబుతుంటే టైపిస్టు కొట్టుకుంటూ పోయాడు. చివర వాళ్లు చూపించిన చోట ఆమె సంతకం పెట్టింది.

మిల్లుకు టైమవుతోందని లేచింది. ఆటో దాకా వెంట నడిచాను.