ఆగిన మగ్గం

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్లప్పుడు నాకు చెవుడొస్తోందని భయపడ్డాను. ఈ ఉదయం కొత్త చీర మడత విప్పితే, గంజి వాసనకు అది గుర్తొచ్చింది.

కబ్బన్‌పేటలో మా ఇంట్లో నాలుగు మగ్గాలుండేవి. హిందూపురం నుంచి వచ్చిన మేనత్త, "ఈ మోతలో ఎట్ల చదువుతావే? నాకు తల పగిలిపోతా ఉండాది!" అంది.

నాకు ఏ మోతా వినబడలేదు. చెవిటిపిల్లను బడి మాన్పిస్తారేమోనని పుస్తకం చాటున ఏడ్చాను. తర్వాత కథలో పడి అన్నీ మరిచిపోయాను.

ఉన్నట్టుండి తలెత్తాను. నాయన మగ్గం ఒక్కటే ఆగింది.

తెగిన పోగు ముడేస్తూ ఆయన నవ్వాడు. "మూడు మగ్గాలు ఆడతానే ఉండాయి. నాది నిలిచింది నీకెట్ల తెలిసెనమ్మా?"

"నాకు మోతే వినబడలేదు నాయనా."

ఈనాటికీ ఎంత సందడిలోనైనా నిశ్చింతగా చదువుకుంటానంటే, అప్పుడాయన అన్న మాట వల్లే.

"చెవి అంతా వింటానే ఉంటాదమ్మా. పనికొచ్చేదుంటేనే మనసును లేపుతాది. పో, చదువుకో పో."