బల్లి మీద పడ్డ నింద

డెబ్బైల నాటి బెజవాడ ఎండ ఎలాంటిదంటే, కాలవగట్టు మీద నిలబడ్డ మనిషికంటే ముందు అతని నీడ సొమ్మసిల్లేది. ఆ ఎండలో పెళ్ళి ఊరేగింపుల ముందు నడుస్తూ క్లారినెట్ ఊదడం నా ఉద్యోగం.

ఏటా ముహూర్తాలు మొదలవగానే నా కింది పెదవి మీద నీటిపొక్కులు లేచేవి. నాలుగైదు కాదు, ద్రాక్షతోట. వాటిమీద క్లారినెట్ ఆనిస్తే ప్రాణం కళ్ళలోకి వచ్చేది.

"రాత్రి నీ మూతి మీద బల్లి ఉచ్చ పోసిందిరా," అని అమ్మ తేల్చేసి, బల్లులు లేని చోటని నా మంచం పెరట్లో వేయించింది. పొద్దెక్కి ఎండ మొహం మీదికొచ్చినా నేను లేచేవాణ్ణి కాదు. నా బదులు కొత్త పొక్కులు లేచేవి.

చివరికి బ్యాండు మాస్టారు చెప్పేశారు. "కంకిపాడు పెళ్ళిలో సోలో నీదేనయ్యా. అప్పటికి మూతి మానకపోతే తాళాలు కొట్టుకుందువుగాని."

తాళాల భయంతో అమ్మను వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

"బల్లి పాపం ఏమీ లేదమ్మా," అన్నారాయన. "చిన్నప్పుడెప్పుడో దూరిన వైరస్ మీవాడి నరాల్లో నిద్రపోతోంది. ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి పడితే చర్మానికి కాపలా కాసే కణాలు కునుకు తీస్తాయి. అదను చూసి ఇది లేస్తుంది."

"మరి మంచమండీ?"

"లోపలికి తెచ్చెయ్యండి."

"బల్లులో?"

"వాటి కాపురం వాటిది. ఈ పొక్కులు వారం పదిరోజుల్లో మానతాయి. మళ్ళీ ఎండ తగలనివ్వకండి."

ఆనాటి నుంచీ కళ్ళు మూస్తే చాలు, నా పెదవి లోపల చాప పరుచుకుని పడుకున్న ఆ ప్రాణి కనిపించేది. దానికి మెలకువ వస్తుందేమోనని అన్నం కూడా చప్పుడు కాకుండా నమిలేవాణ్ణి.

పెళ్ళినాటికి పెదవి మానింది. మిట్టమధ్యాహ్నం ఎదురుకోలు. వెనక కారులో పెళ్ళికొడుకు చెమటలో ఈదుతున్నాడు. ముందు నేను, నా నెత్తిన గొడుగు పట్టి మా అమ్మ.

"పెళ్ళికొడుకు బూర ఊదుకుంటూ వస్తున్నాడేంటే?" అంది అరుగు మీది ముసలావిడ.

"మావాడి మూతికండీ ఈ గొడుగు," అంది అమ్మ.

సోలో వచ్చింది. గొడుగు నీడ కాలవనీళ్ళలా చల్లగా ఊగుతోంది. లోపలున్నదాన్ని లేపకూడదని మెల్లగా, ఇంకా మెల్లగా ఊదాను. డప్పులు వాటంతటవే ఆగాయి. కారులో పెళ్ళికొడుకు తల వాలిపోయింది.

మాస్టారు నా చెవిదగ్గరికొచ్చారు. "పెళ్ళిలో జోలపాటేంటయ్యా?"

"మెల్లగా మాస్టారూ," అన్నాను. "ఇప్పుడే పడుకుంది."