మూడో హలో

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషులో ధైర్యంగా పలకగలిగిన మాట ఒక్కటే ఉండేది: హలో. ఆటో ఆపాలన్నా, లైన్లో దూరేవాణ్ణి గద్దించాలన్నా, పెళ్లిపందిట్లో మైకు బతికుందో లేదో చూడాలన్నా అదే అక్కరకొచ్చేది. ఆ ఒక్క మాట పెట్టుబడితో మడికొండలో ఓ కొత్త భవనంలో, ఫోన్లెత్తి జనానికి జవాబు చెప్పే ఆఫీసులో శిక్షణకు చేరాను. (వాడలో మాత్రం ‘సాఫ్ట్‌వేర్’ అని చెప్పుకున్నాం, ఎవరూ గట్టిగా అడగలేదు.) ట్రైనర్ మేడం మొదటిరోజే ఆ మాట పుట్టుక చెప్పి నా ధైర్యం కాస్తా తీసేసింది. ఫోన్లు రాకముందు అది పలకరింపే కాదట. ఏటి అవతల ఉన్న పడవవాణ్ణి కేకేయడానికి అలాంటి అరుపే వాడేవారట. "అంటే దాని అర్థం నమస్తే కాదు. అవతల ఎవరన్న ఉన్నరా అని" అంది. సగం ఖాళీగా ఉన్న ఆ అంతస్తులో ఏసీ హోరు తప్ప జవాబు రాలేదు.

నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. దీపాలు పెట్టే వేళ బయటినుంచి ఎవరు పిలిచినా మూడో పిలుపుదాకా పలకనిచ్చేది కాదు. "మనోళ్లయితే మూడుసార్లు పిలుస్తరు బిడ్డా. కానిదానికి అంత ఓపికుండది" అనేది.

పరీక్ష కాల్ సరిగ్గా ఆ వేళకే పెట్టారు. గట్టెక్కితే ఉద్యోగం, లేదంటే నాన్న కిరాణం కొట్లో పప్పు పొట్లాలు. పక్కగదిలోంచి మేడమే కస్టమర్‌గా మాట్లాడుతుందన్నారు. చెవిలో "హలో" వినబడింది. నాయనమ్మ మాట అడ్డొచ్చి పలకలేదు. కాసేపటికి ఇంకోటి, కొంచెం దూరంనుంచి. మూడోది మరీ దూరంనుంచి, నీళ్లమీదుగా వచ్చినట్టు. అప్పుడు నేర్పిన పాఠమంతా అప్పజెప్పాను. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగాను.

మేడం తలుపు తీసుకుని వచ్చింది. "నేను ఒక్కసారే హలో అన్న. నువ్వు పలకకుంటే ఫోన్ పెట్టేసిన. ఇంతసేపు ఎవరితోని మాట్లాడినవ్?" రికార్డింగు విన్నాం. ఆమె హలో ఒక్కటి, తర్వాత నిశ్శబ్దం, ఆపైన నా మర్యాద. ఎవరూ లేకున్నా ఇంత మర్యాదగా మాట్లాడినవాడు తిట్టే కస్టమర్లతో ఎందుకు మాట్లాడడని ఉద్యోగం ఇచ్చేసింది.

నాయనమ్మ భయపడుతుందనుకున్నాను. "మూడుసార్లు పిలిచిన్రా? ఇగ ఫికరెందుకు, మనోళ్లే" అని, "మంచిగ మాట్లాడినవా మరి?" అంది.

ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు ఆ మాట పుట్టుక చెబుతూ, మొదటి హలోకే పలకాలని గద్దిస్తుంటాను. నాయనమ్మ పోయాక మాత్రం, ఏ కొత్త నంబరో ఒక్క హలో అని ఊరుకుంటే ఫోన్ పెట్టేయలేకపోతున్నాను. సిగ్నల్ లేదనుకుంటారు ఇంట్లోవాళ్లు. నేను గొంతు సవరించుకుని, ఇంకో రెండింటికోసం ఆగుతాను.